లెసీలి చేతి నూనె

లెసీలి తీసిన నూనెకు ఎవువా దీవిలో తిరుగులేదు. పురిటి బిడ్డకు రాసేది అదే, ముసలివాళ్ళ మోకాళ్ళకు రాసేది అదే, ఆదివారం చర్చిలో పాటకు నిలబడే ఆడవాళ్ళ చేతులకూ అదే. సీసా మూత తీస్తే హెయిలాలా పూల వాసన వీధి మలుపు దాకా వెళ్తుంది. కానీ ఒక్క సంగతి ఉంది. నాట్యానికి నిలబడే పిల్లకు ఆ నూనె కావాలి గాని ఆ చెయ్యి అక్కర్లేదు. సీసా పట్టుకెళ్ళి ఇంకెవరి చేతనో రాయించుకుంటారు. ముఖం మీద ఎవరూ ఏమీ అనరు. "నీకెందుకత్తా శ్రమ, మేం రాసుకుంటాంలే" అంటారు, అంతే. మర్యాదగా కొడితే దెబ్బ తగలదని ఎవరనుకుంటారో గాని, వాళ్ళెప్పుడూ దెబ్బ తిని ఉండరు.

యాభై తొమ్మిదేళ్ళొచ్చినా లెసీలికి కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే పెరడంతా కలియతిరుగుతుంది, పొయ్యి మీద పెండలం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూస్తుంది. పెళ్ళి కాలేదు. తమ్ముడు ఫెలేటి ఇంట్లోనే ఉంటుంది. "కాలుకాలిన పిల్లిలా తిరక్కుండా కాసేపు కూర్చోరాదా వదినా" అని తమ్ముడి భార్య లూసియా రోజుకోసారి అంటుంది. లెసీలి సరేనని కూర్చుంటుంది. లూసియా అటు తిరిగి ఇటు తిరిగేసరికి చాప ఖాళీగా ఉంటుంది.

తాను కూర్చోలేదు గాని నూనెను కూర్చోబెట్టడం ఆమెకు బాగా తెలుసు. ముదురు కొబ్బరి కోరి, పాలు పిండి, వెడల్పాటి బేసిన్లో పోసి పన్నెండు రోజులు ఎండకు పెడుతుంది. మొగ్గ విచ్చీ విచ్చని హెయిలాలా పూలు, గంధపు చెక్క తురుము వేస్తుంది. పెరట్లో ఎండ జరిగినకొద్దీ బేసిన్ జరుగుతుంది, బేసిన్ వెంట లెసీలీ జరుగుతుంది. మబ్బు పడితే మబ్బును తిడుతుంది.

ఈ పని నేర్పింది వాళ్ళమ్మ. ఆవిడ వేరే తరహా మనిషి. తోటపని అయ్యాక, రోజూ పొద్దువాలే వేళకు, ఇంటి వెనక చాప పరుచుకుని ఒంటికి నూనె రాసుకునేది. ముందు తుయితుయి గింజలు ముద్దగా దంచి ఒళ్ళంతా రుద్దుకుని వాననీటితో కడుక్కునేది. తువ్వాలు ముట్టేది కాదు, తడిని గాలికే వదిలేసేది. ఆ తర్వాత నూనె అరచేతుల్లో వెచ్చబడేదాకా పట్టుకుని, పాదాల దగ్గర మొదలుపెట్టేది. "రోజంతా మోసింది కాళ్ళు కదా, ముందు వాటినే పలకరించాలి" అనేది. రాసుకున్నంతసేపూ మాట్లాడేది కాదు. పిలిస్తే పలికేది కాదు. "చెయ్యి ఎక్కడుంటే మనసూ అక్కడే ఉండాలే. లేకపోతే నూనె ఒంటికి పట్టదు, చర్మం మీదే ఉండిపోతుంది" అని కూతురికి వందసార్లు చెప్పి ఉంటుంది. కూతురు ఆ వందసార్లూ సగం విని పరుగెత్తింది.

ఇక అసలు సంగతికి రావాలి. మా దీవుల్లో పెళ్ళికాని పిల్ల నాట్యానికి నిలబడితే భుజాలకు, చేతులకు, కాళ్ళకు నూనె దట్టంగా పట్టిస్తారు. పిల్ల ఒళ్ళు తళతళ మెరవాలి. మెరిస్తే పిల్ల మంచిది. మెరవలేదా, ఎవడి చెయ్యో పడిందన్నమాట. ఇదీ నమ్మకం. మగపిల్లలకు ఏ నూనె రాసి ఎవరు పరీక్ష పెట్టారో నేనింతవరకు వినలేదు.

లెసీలి పందొమ్మిదో ఏట, జులై నెలలో, పక్క ఊరి పౌలాకు ఆమెనిచ్చి పెళ్ళి చేయాలని పెద్దలు అనుకుంటున్న రోజుల్లో, చర్చి పండుగకు నాట్యం చేసింది. జులై మాకు చలికాలం, దక్షిణపు గాలి గట్టు మీది మా ఊళ్ళను కోసుకుంటూ పోతుంది. పొద్దున్నే తల్లి నూనె రాయడానికి కూర్చోబెట్టింది. పాదాలయ్యాయి, పిక్కలయ్యాయి, మోకాళ్ళ దగ్గరికొచ్చేసరికి లెసీలి లేచి నిలబడింది. "చాల్లేమ్మా, ఇలాగైతే ఇక్కడే సాయంత్రమవుతుంది" అని మిగతాది తానే గబగబా పులుముకుని, స్నేహితురాళ్ళ తలల్లో ఈకలు ఎలా కుదిరాయో చూడటానికి పరుగెత్తింది. చర్చి హాలు వెనక ఎదురుగాలిలో గంటసేపు నిలబడి కబుర్లు చెప్పింది. పాట మొదలై ముందుకొచ్చేసరికి ఆమె చేతులు గంజి పెట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

చలికి కొబ్బరినూనె పేరుకుంటుందని తెలియనిదెవరికి? సీసాలో పేరుకుంటే చలి అంటారు, ఎండలో పెట్టి కరిగిస్తారు. ఆడపిల్ల ఒంటి మీద పేరుకుంటే మాత్రం ఇంకేదో అంటారు. పౌలా అక్క ఫుసి, నాట్యం మధ్యలో అందరిలాగే వచ్చి పిల్ల చేతికి కానుకగా డబ్బు నోటు అంటించబోయింది. అంటుకోలేదు. వేలితో ఒకసారి రాసి, ఆ వేలిని చూసుకుని, వెనక్కి వెళ్ళి పక్కనున్నావిడతో, "నూనెకు తెలుసు" అంది. రెండే మాటలు. వారం తిరక్కుండా పెళ్ళి మాట ఆగిపోయింది. తల్లి ఇద్దరు ముగ్గురికి చలి సంగతి చెప్పబోయింది. "అవునవును, తల్లివి కదా" అన్నారు వాళ్ళు. కుండ నోటికి మూకుడు పెట్టగలం గాని లోకం నోటికి పెట్టలేం.

తమ్ముడు ఫెలేటి మాత్రం ఏమీ అడగలేదు. అడగకూడదు కూడా. మా దగ్గర అక్కాతమ్ముళ్ళ మధ్య తెర ఉంటుంది. పెళ్ళి మాట, ఒంటి మాట, మోటు హాస్యం ఇద్దరూ ఉన్నచోట రాకూడదు. ఎవరైనా తెస్తే ఇద్దరిలో ఒకరు లేచి వెళ్ళిపోవాలి. నలభై ఏళ్ళలో అప్పుడప్పుడు ఎవరో ఒకరు, మగవాళ్ళు కావా తాగే గిన్నె దగ్గరో చేపల పడవ దగ్గరో, ఆ పాత మాట ఎత్తారు. ఫెలేటి ప్రతిసారీ లేచాడు, అన్నవాడి కళ్ళలోకి నిదానంగా చూశాడు, తలెత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ చూపుకు జడిసి ఆ మాట రెండోసారి అన్నవాడు లేడు. తల్లి పోయాక ఈ లోకంలో తనను నమ్మే మనిషి తమ్ముడొక్కడేనని లెసీలికి తెలుసు. అతను ఆ మాట నోటితో అన్నది లేదు, ఆమె విన్నదీ లేదు.

ఫెలేటి ఒక్కగానొక్క కూతురు కలో. ఇరవై ఏళ్ళది, పెద్ద దీవిలో టీచరు చదువు చదువుతోంది. ఈ జులైలో ఊరి కొత్త హాలు తెరుస్తున్నారు, అందులో మొదటి నాట్యం కలోదేనని నిర్ణయించారు. పాస్టరు గారి భార్య నూనె రాస్తానని కబురు పంపింది. లెసీలి ఆ కబురు తెచ్చిన పిల్లను గుమ్మంలోనే నిలబెట్టింది.

"మేనత్తను నేను బతికే ఉన్నానని చెప్పు."

ఆ మాటకు ఇక తిరుగుండదు. మా ఇళ్ళలో మేనత్త మాట తండ్రి మాట కంటే పెద్దది. లూసియా గొణుక్కుంది గాని గొణుగుడుతోనే ఆగిపోయింది.

ఆ రోజు నుంచి లెసీలికి నిద్ర పట్టలేదు, తిండి సహించలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. కలో మెరవాలి. ఈ చేతులతో రాసిన నూనె ఆ చలిలో మెరవాలి. అప్పుడు, పెద్దలకు వేసే ముందు చాప మీద కూర్చునే ఫుసి ముసలమ్మ ఎదుటికి తాను వెళ్ళి, ఊరందరూ వినేలా ఒక మాట చెప్పాలి. "చూశావా పెద్దమ్మా? వెచ్చగా రుద్దితే మెరుస్తుంది, చలిలో వదిలేస్తే పేరుకుంటుంది. ఆ రోజు నా ఒంటి మీద ఉన్నది చలి." ఈ మాటను ఆమె పెరట్లో బేసిన్‌కు చెప్పింది, పందులకు చెప్పింది, కొబ్బరి కోరుతూ కోరుతూ చెప్పింది. ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు పెంచాలో కూడా చూసుకుంది.

నాట్యం రోజు పొద్దున్న వెనక గదిలో కిటికీలకు బెరడుగుడ్డలు కట్టి గాలి రాకుండా చేసింది. కలో ఒంటికి తుయితుయి ముద్ద రుద్ది కడిగింది. తడి దానంతటదే ఆరేదాకా గది ఈ మూలనుంచి ఆ మూలకు తిరిగింది. నూనె గిన్నెను వేడినీళ్ళలో పెట్టి, చాప మీద కూర్చుని, పిల్ల పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. రెండు పాదాలూ అయ్యాయి. పిక్క దగ్గరికొచ్చేసరికి కలో కాలు వెనక్కి లాక్కుంది.

"అత్తా, ఆపెయ్."

"ఏంటే, గోరు తగిలిందా?"

"కాదు. నేను ఆడను. జ్వరమొచ్చిందని చెప్పెయ్ అత్తా."

"పొద్దున రెండు అరటిపళ్ళు, పెద్ద ముక్క పెండలం తిన్నప్పుడు ఏమైంది ఈ జ్వరం?"

కలో నవ్వలేదు. మోకాళ్ళ మీద తలపెట్టుకుంది. "నువ్వెంత రాసినా మెరవదు" అంది.

లెసీలికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించింది. "ఎవరు?"

"మా కాలేజీలోనే. మంచివాడు అత్తా. పెళ్ళి చేసుకుందామంటున్నాడు. చదువయ్యాక నాన్నను అడగడానికొస్తాడు. కానీ ఫుసి ముసలమ్మ మనవరాలు మమ్మల్నిద్దర్నీ చూసింది. ముసలమ్మకు చెప్పే ఉంటుంది. ఇవాళ ఆవిడ ముందు చాప మీద కూర్చుని నా చేతులే చూస్తుంది." పిల్ల ఏడుపు దిగమింగుకుంది. "నీకు తెలుసు కదత్తా ఎలా ఉంటుందో. నీకూ అప్పుడు అలాగే జరిగింది కదా. అందుకే నీకు చెప్పగలిగాను."

లెసీలి లేచింది. తలుపు దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఊరంతా అనుకుంది, పోనీ. తాను ఎత్తుకుని తిప్పిన పిల్ల, ఈ నూనెతోనే ఒళ్ళు రుద్ది పెంచిన పిల్ల, అది కూడా అదే అనుకుంటోంది. పైగా జాలితో అనుకుంటోంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నాకూ ఏంటే నాకూ? నాకేం జరగలేదు. ఎవడూ నా చిటికెన వేలు కూడా ముట్టుకోలేదు. చలికి నూనె పేరుకుంది. అమ్మ రాస్తుంటే కూర్చోలేక లేచి పరుగెత్తాను, గాలిలో నిలబడ్డాను, పేరుకుంది. అంతే."

కలో తలెత్తి చూసింది. "నిజంగానా?"

"ఈ వయసులో నీతో అబద్ధమాడితే నాకేమొస్తుందే? మొగుడొస్తాడా?"

పిల్లకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుని అడిగింది. "మరయితే నూనెకు ఏమీ తెలియదా?"

"కొబ్బరికాయకు ఏం తెలుస్తుందే పిచ్చిమొహమా. కాలు ఇటియ్."

ఆ తర్వాత రెండు గంటలు లెసీలి లేవలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒకచోట అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్ళు తిమ్మిరెక్కాయి. నడుము లాగింది. బయట విందుకు పందులను కాల్చే గొయ్యి దగ్గర వాళ్ళ అరుపులు వినపడితే, మాంసం సరిగ్గా పేర్చారో లేదోనని మనసు లేచి పరుగెత్తింది. దాన్ని వెనక్కి పిలిచి పిల్ల మోకాలి మీద, చెయ్యి ఉన్నచోట, కూర్చోబెట్టింది. అది మళ్ళీ లేచి హాల్లోకి, ముందు చాప దగ్గరికి, ఫుసి ముఖం మీదికి పోయింది. మళ్ళీ పిలిచింది. మోచెయ్యి అయింది, భుజం అయింది, మెడ వెనక అయింది. ఏడుపుతో బిగుసుకున్న పిల్ల ఒళ్ళు కొద్దికొద్దిగా సడలి వెచ్చబడింది. ఊపిరి నెమ్మదించింది. నూనె చర్మం మీద ఆగకుండా లోపలికి పోతుంటే మళ్ళీ రాసింది, మళ్ళీ రాసింది. అమ్మ చెప్పిన మాట ఇదా అనుకుంది లెసీలి. అమ్మ మీద కోపమొచ్చింది, తన మీదా వచ్చింది. అయినా చెయ్యి ఆపలేదు.

అయ్యాక కలోకు దుప్పటి కప్పి, హాలు వాకిలి దాకా తానే పట్టుకుని నడిపించింది. పాట మొదలయ్యాకే దుప్పటి తీసింది.

కలో మెరిసింది. దక్షిణపు గాలి కిటికీల్లోంచి దూసుకొస్తున్నా పిల్ల భుజాల మీద వెలుగు ఆగలేదు, జారుతూనే ఉంది. చేతులు తిప్పితే వేళ్ళ చివర దాకా మెరిసింది. హాలంతా కేకలు పెట్టింది. నోట్లు అంటించడానికి జనం లేచారు, అంటించినవి అంటించినచోటే ఉన్నాయి. మేనత్తలు నాట్యగత్తె వెనక చేరి కోతి గంతులు వేయడం మాకు ఆనవాయితీ. లెసీలి వెళ్ళి నడుమొకసారి తిప్పి, కళ్ళొకసారి తిప్పి, జనాన్ని కడుపు చెక్కలయ్యేలా నవ్వించింది. నవ్విస్తూనే ముందు చాప వైపు చూసింది. గొంతు కింద ఆ మాట సిద్ధంగా ఉంది.

పాట ఆగింది. కలో వచ్చి మేనత్త పక్కన కూర్చుంది. ఎనభై దాటిన ఫుసిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ కలో చేతిని వేలితో రాసి, ఆ వేలిని వెలుగులో పెట్టి చూసింది. తర్వాత వెనక నిలబడ్డ మనవరాలి వైపు తిరిగింది. వయసుతో పాటు ఆవిడకు చెవుడు పెరిగింది, చెవుడుతో పాటు గొంతు పెరిగింది.

"ఏమే, ఈ పిల్ల గురించి నాకేం చెప్పావు? చూడు ఈ చెయ్యి. ఇంకోసారి అలాంటి కూతలు కూశావంటే నాలుక కోస్తాను. నూనెకు తెలుసు."

మనవరాలు తల దించుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు అర్థమైనట్టు తలలూపారు. కలో గురించి ఏదో గుసగుస అప్పటికే పుట్టిందని, అది ఆ క్షణంలోనే చచ్చిందని లెసీలికి తెలిసిపోయింది. ఫుసి ఈసారి ఆమె వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. ముసలితనం వల్ల ఒకలాంటి మెత్తదనం ఉంది.

"ఈ రోజూ తెలుసు, ఆ రోజూ తెలుసు. నువ్వే చెప్పు లెసీలీ. నూనె ఎప్పుడన్నా అబద్ధమాడిందా?"

నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన చోటు అదే. మనిషి ముందే ఉంది, ఊరంతా వింటోంది, మాట నాలుక మీదే ఉంది. వెచ్చగా రుద్దితే ఎవరైనా మెరుస్తారు అని ఒక్క ముక్క అంటే చాలు, తన మీది మచ్చ తుడిచిపెట్టుకుపోతుంది. ఆ వెంటనే మనవరాలు తలెత్తుతుంది. అందరూ కలో వైపు చూస్తారు. పక్కన కూర్చున్న కలో మేనత్త చెయ్యి పట్టుకోలేదు. చెప్పొద్దని అడగలేదు.

లెసీలి నోరు తెరిచింది.

"లేదు పెద్దమ్మా. నూనె అబద్ధమాడదు."

"ఆ రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

ఫుసి ఆమె చెంప నిమిరింది. "పోనీలేవే, ఇన్నాళ్ళకైనా ఒప్పుకున్నావు. ఎప్పటి మాటో అది. దేవుడు ఎప్పుడో క్షమించి ఉంటాడు" అంది. చేయని తప్పుకు క్షమ దొరకడం ఎంత చేదో లెసీలికి అప్పుడు తెలిసింది. అయినా తల వంచి ఆ నిమురుడు అందుకుంది. కలో ఏదో అనబోతే ఆ పిల్ల తొడ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

వాకిలి దగ్గర, కావా గిన్నె చుట్టూ కూర్చున్న మగవాళ్ళలోంచి ఫెలేటి లేచాడు. అక్క ఉన్నచోట అలాంటి మాట వస్తే లేవాలి కాబట్టి లేచాడో, అక్క నోటనే ఆ ఒప్పుకోలు విన్నాడు కాబట్టి లేచాడో ఆమెకు తెలియదు. అడగడానికి వీల్లేదు. అతను ఫుసి వైపు చూడలేదు, ఎవరి కళ్ళలోకీ చూడలేదు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.